వెనక్కి మడిచిన కొస

కార్ల షెడ్డు, పట్టపగలు. షట్టరు సగానికి దించి ఉంది. లోపల ముగ్గురే: క్వారీ యజమాని, ఆయన డ్రైవరు, షెడ్డు నడిపే ఎలక్ట్రికల్ మేస్త్రీ. మధ్యలో నల్లటి పెద్ద కారు.

“కొట్టకండి సార్! చచ్చిపోతాడు!”

“చావనీ. నువ్వు నీ పని చూసుకో మేస్త్రీ.”

“నా షెడ్డులో, నా కళ్ళ ముందు మనిషిని గొడ్డుని బాదినట్టు బాదుతుంటే నా పనేం చూసుకోను?”

“బాబుగారూ, నా పిల్లల మీద ఒట్టు. నేనే పాపం ఎరగను. ఏ వైరూ ముట్టుకోలేదు. నాకు టైరు మార్చడం తప్ప ఇంకేం రాదు బాబుగారూ.”

“ఒట్లు తర్వాత. ఆ రక్తం పక్కకి ఉమ్ము. కారు మీద పడుతుంది.”

“అసలేమైందో చెప్పండి సార్. ముందా స్పానరు కింద పెట్టి చెప్పండి.”

“పెట్టను. చేతిలో ఉండగానే చెప్తా. మొన్న పొద్దున క్వారీ రోడ్డులో నడిమధ్య ఆగిపోయింది ఈ కారు. దీపాల్లేవు, హారన్ లేదు, అద్దం దిగదు. ఎక్కడ ఆగిందో తెలుసా? క్వారీ పేలుడులో చచ్చినోళ్ళ పెళ్ళాలు టెంటు వేసుకుని కూర్చున్నారే, సరిగ్గా అక్కడ. రాళ్ళ వాన! నా బావమరిది తలకి పద్నాలుగు కుట్లు. ఒక కన్ను ఇక రాదంటున్నారు. ఏడాదిలో ఇది ఆరోసారి మేస్త్రీ. రెండు బ్యాటరీలు మార్చారు. డైనమో మార్చారు. కంపెనీవాళ్ళు కంప్యూటరు పెట్టి చూసి ‘అంతా బాగుంది సార్’ అంటారు. అంతా బాగుంటే నా బావమరిది కన్నేది?”

“గతుకుల రోడ్డు బాబుగారూ, గతుకుల్లోనే అది...”

“గతుకులు కాదురా, నువ్వు! వాళ్ళకి అమ్ముడుపోయావు. ఆ ఆడాళ్ళలో ఒకతె నీ పిన్ని కూతురు కాదూ? వైరేదో పెట్టుకున్నావు. నీకు కావాల్సిన చోట లాగుతావు, ఆగిపోతుంది.”

“వరసకి చెల్లెలు బాబుగారూ. మాట్లాడి మూడేళ్ళయింది, కావాలంటే... అమ్మా! భుజం! భుజం పోయింది!”

“సార్! అయిపోయింది, ఇంక ఆపండి!”

“ఇప్పుడు నువ్వు విను మేస్త్రీ. కార్ల వైరింగులో నీకంటే చెయ్యి తిరిగినవాడు లేడంటారు. నాకు రెండు మాటలు కావాలి. తప్పెక్కడుంది? అది ఎవడి చెయ్యి? వీడి చెయ్యే అన్నావా, క్వారీ గుంటలో వీడి మీద నాలుగు లారీల కంకర పోయిస్తా. కాదన్నావా, ఎవడిదో చూపించాలి. చూపించలేకపోయావా, వీడిదే అనుకుంటా.”

“అంటే నేను నోరు విప్పినా, మూసుకున్నా, ఒక మనిషి ప్రాణం నా నెత్తిన పెడుతున్నారు.”

“పెడుతున్నా. మొదలెట్టు.”

“డ్రైవరూ, లే. లేవగలవా? నా భుజం పట్టుకో. ఆఁ, అలా. సీట్లో కూర్చో.”

“ఎడమ చెయ్యి లేవట్లేదు మేస్త్రీ గారూ.”

“కుడి చేత్తో బటన్ నొక్కితే చాలు. ఇప్పుడే కాదు, ఆగు. ముందు ఇంజను ఆపి ఉండగా చూస్తా. మీటరు తగిలించి కొలవడానికి బానెట్ కిందే రెండు పోస్టులుంటాయి. పన్నెండు పాయింట్ రెండు వోల్టులు. బ్యాటరీ బతికే ఉంది. ఇప్పుడు నొక్కు.”

“నొక్కాను.”

“పదమూడు... పద్నాలుగు దాటింది. పద్నాలుగు పాయింట్ నాలుగు. బాగానే ఛార్జ్ అవుతోంది సార్.”

“బాగానే అవుతోందా?”

“ఇప్పటికైతే...”

“కంపెనీవాడు చెప్పిన మాటే నువ్వూ చెప్తున్నావు. నా చెవిలో పువ్వు పెడదామనా? చెయ్యి ఇటు తే. బల్ల మీద పెట్టు.”

“సార్, నేను చెప్పేది పూర్తిగా...”

“పెట్టు. ఇది చిటికెన వేలు.”

“అమ్మో! అమ్మా... అమ్మా...”

“ఇంకా తొమ్మిదున్నాయి. వాటితో పని చెయ్యి.”

“మేస్త్రీ గారూ! అయ్యో, నా మూలంగా మీ చెయ్యి... ఇంజను ఆపెయ్యమంటారా?”

“ఆపొద్దు! ఏం ఆపొద్దు. ఆ గుడ్డ ముక్క ఇలా అందించు, వేలికి చుట్టుకుంటా. సార్, మీరు కొట్టకముందే చెప్పబోయాను. షోరూములో నేల నున్నగా ఉంటుంది, కారు కదలదు, రోగం బయటపడదు. రోడ్డు మీద ఊగితేనే పడుతుంది. కారు వెనక్కి వెళ్ళి, డిక్కీ మీద చేతులు పెట్టి, గట్టిగా కిందికీ పైకీ ఊపండి.”

“నన్ను ఊపమంటున్నావా?”

“నాకు ఒక చెయ్యే మిగిలింది. వాడికీ ఒకటే మిగిలింది. రెండు చేతులూ బాగున్నది మీకే.”

“నోరు మాత్రం తగ్గలేదు నీకు. ఊపుతున్నా, చూడు.”

“ఇంకా. ఇంకా గట్టిగా. మనుషుల మీద చూపించిన బలం కాస్త దాని మీదా చూపించండి. అదిగో! పడింది! పదమూడు... పన్నెండున్నర. ఆపండి సార్. చూడండి, ఊపడం ఆపినా ముల్లు లేవట్లేదు. పన్నెండు పాయింట్ మూడు. ఇంజను తిరుగుతూనే ఉంది, ఛార్జింగు మాత్రం సున్నా. ఇలాగే గంట తిప్పితే బ్యాటరీ ఖాళీ. దారిలో ఎక్కడో ఇంజను ఆపుతారు. ఆపాక మళ్ళీ లేవదు.”

“అంటే డైనమో పోయినట్టేగా? కొత్తదేసి మూడు నెలలు కాలేదు!”

“పోలేదు. దానికి వచ్చే కబురు చెడింది. దాని వెనకున్న ప్లగ్గు పీకేస్తున్నా చూడండి. ఇదిగో. పద్నాలుగు. చూశారా? దాని మానాన దాన్ని వదిలేస్తే చక్కగా వండి పెడుతోంది. ఎవరో వచ్చి ‘కడుపు నిండింది, ఇక చాలు’ అంటుంటే పొయ్యి ఆర్పేస్తోంది.”

“ఎవడా అనేది?”

“మనిషి కాదు సార్. బ్యాటరీ పక్కన అగ్గిపెట్టెంత పెట్టె ఒకటుంటుంది. బ్యాటరీ ఆకలి ఎంతో కనిపెట్టి, సన్న వైరు మీద కబురు పంపిస్తుంది. ఆ కబురు దారిలో ఎక్కడో పాడవుతోంది. ఈ కార్లకి బ్యాటరీ వెనకుంటుంది. డిక్కీ తెరవాలి.”

“డిక్కీ ఎందుకు?”

“చెప్పాను కదా సార్, బ్యాటరీ...”

“బ్యాటరీ మార్చి నెల కాలేదు. మార్చినప్పుడు నేను పక్కనే నిలబడ్డా. మూత తీశారు, పెట్టారు, మూశారు. డిక్కీలో ఏం లేదు. ముందు వైపు చూడు.”

“ముందు వైపు అంతా చూసేశాను.”

“మళ్ళీ చూడు.”

“మళ్ళీ చూస్తే కొత్తగా పుట్టుకొస్తుందా? డ్రైవరూ, మొట్టమొదటిసారి ఇది ఎప్పుడు ఆగింది?”

“పోయినేడు. వానలకి ముందు. రైల్వే గేటు దగ్గర ఆగిపోయింది. జనం...”

“నోర్ముయ్యి! నిన్ను జనం గురించి అడిగాడా?”

“ఎప్పుడని అడిగారు బాబుగారూ, అందుకని...”

“ఎప్పుడంటే ఎప్పుడో చెప్పు. సోది వద్దు.”

“వానలకి ముందంటే, విచారణ పెట్టిన వారం కదూ?”

“ఏ విచారణ?”

“అదే సార్. మీ క్వారీలో ముగ్గురు పోయిన కేసు. పాత కేబులు వల్ల పేలుడు మందు టైముకి ముందే పేలిందన్నారే, అది. మా చిన్నోడు సాక్ష్యం చెప్పాల్సింది.”

“ఆఁ, నీ తమ్ముడు! మర్చేపోయా. నా దగ్గర ఎలక్ట్రీషియనుగా ఉండేవాడు కదూ. విచారణ రేపనగా ఉడాయించాడు. ఓడెక్కి ఎటో పోయాడని విన్నా. ఏమన్నా కబురుందా?”

“వాడి మాట ఎత్తకండి సార్.”

“ఏం, కోపమా?”

“కోపమా? ఆ కేబులు కుళ్ళిపోయింది, మార్చమని మూడుసార్లు రాసిచ్చానని వీధి వీధంతా చెప్పుకు తిరిగాడు. ఆ ఆడవాళ్ళ చేతులు పట్టుకుని ‘నేను చెప్తానమ్మా’ అన్నాడు. తీరా ఆ రోజొచ్చేసరికి మాయం. వాళ్ళు మా గుమ్మం ముందు మట్టి ఎత్తి పోశారు. అమ్మ మంచం పట్టింది. పోయేదాకా తలుపు వైపే తిరిగి పడుకుంది. పాడె మోస్తూ కూడా వాణ్ణి తిట్టాను నేను. పిరికిముండాకొడుకు అన్నాను. మా ఇంట్లో వాడి బొమ్మ కూడా గోడ మీంచి తీసేశాం. చాలా? ఇప్పుడు డిక్కీ తెరుస్తారా, నన్ను ఇంకో వేలు ఇవ్వమంటారా?”

“తెరువు. కానీ కింద గుడ్డ లేపకు. బ్యాటరీ వరకే.”

“సరే. డ్రైవరూ, తాళం బటన్ నొక్కు. డ్రైవరూ? ఏం, అలా చూస్తావేం?”

“ఆఁ... నొక్కాను మేస్త్రీ గారూ.”

“కారుకి నాలుగేళ్ళు. డిక్కీలో గుడ్డ మాత్రం కొత్తగా ఉందే.”

“ఆయిల్ ఒలికింది. మార్పించా. నీకెందుకు?”

“నాకెందుకులెండి. లోపల్నుంచి మూత తెరిచే పచ్చ హ్యాండిలు ఉండాలే ఇక్కడ. చిన్నపిల్లలెవరన్నా ఇరుక్కుంటే లాగడానికి పెడతారు. మొదలంటా విరిచేసి ఉంది.”

“సామాను తగిలి విరిగింది. వైరు చూడు!”

“చూస్తున్నా. సన్న వైరు పెట్టె దగ్గర బాగుంది. ఈ పక్క పలక వెనక్కి పోయింది. పలకకి కంపెనీ స్క్రూలు ఆరూ అలాగే ఉన్నాయి. రంగు కూడా చెక్కుచెదరలేదు. ఎవరూ విప్పలేదు దీన్ని. మరి... నేను లోపల పడుకుని చూడాలి సార్. టార్చి ఇలా ఇవ్వండి.”

“తొందరగా కానీ.”

“పలక వెనక అంచు చిరిగి ఉంది. కత్తితో కోసింది కాదు. పీకింది. ఇక్కడ చెయ్యి దూరుతుంది. వైరు తగులుతోంది. ఇదేంటి, మెత్తగా... గుడ్డ చుట్టి ఉంది. గుడ్డ...”

“ఏమైంది?”

“...”

“మేస్త్రీ! మూగబోయావేం? దొరికిందా?”

“ఎలకలు సార్.”

“ఏంటీ?”

“ఎలకలు కొరికాయి. వైరు మీద పంటి గాట్లున్నాయి. అంతే. అతికేస్తా. డ్రైవరు తప్పేం లేదు. మీరు బయట కూర్చోండి, పావుగంటలో అయిపోతుంది.”

“నన్నెందుకు బయటికి పంపుతున్నావు?”

“వెలుగుకి అడ్డం వస్తున్నారు సార్.”

“జరుగు. నన్ను చూడనీ. జరగమన్నానా! ఆ వెలుగు ఇటు పెట్టు. ఎలకలా? ఎలక గుడ్డ కూడా చుట్టిందా? ముడి కూడా వేసిందా? అదిగో ముడి! మనిషి వేసిన ముడి! ఒరేయ్, దిగు! దిగరా కిందికి!”

“నేను కాదు బాబుగారూ! నాకు ముడీ తెలీదు, ఏమీ తెలీదు!”

“ఏడాది పాటు నా ఉప్పు తిని నా కారుకే ముడేస్తావా? మోకాలు ఇటు చాపు. చాపు! నడవడం మర్చిపోవాలి నువ్వు!”

“మేస్త్రీ గారూ, చెప్పండి! నేను కాదని చెప్పండి! అమ్మా! కాలు! మేస్త్రీ గారూ!”

“వాడు కాదు!”

“మరెవడు?”

“వాడు కాదు, వదలండి! వదిలితే చెప్తాను.”

“చెప్పాక వదులుతా.”

“ఈ ముడి వాడికి రాదు. మీకు రాదు. కంపెనీవాడికీ రాదు. ఇది వేయడం ముగ్గురికే వచ్చు. ఒకరు మా నాన్న, ఆయన పోయారు. ఇంకొకణ్ణి నేను. ఎడమకి నాలుగు చుట్లు, కుడికి రెండు. తర్వాత తీగ కొసని వెనక్కి మడిచి పంటితో నొక్కాలి. ఎందుకంటే రేపు ఇంకెవడో అక్కడ చెయ్యి పెడతాడు, వాడి వేలికి కొస గుచ్చుకోకూడదు. మడవడం మర్చిపోతే నాన్న మెటికల మీద స్కేలుతో కొట్టేవాడు. మా చిన్నోడు ఎన్ని దెబ్బలు తిన్నాడో లెక్కలేదు. ఈ సన్న వైరు సంగతి నేనే చెప్పాను వాడికి, ఇదిగో ఈ బల్ల మీదే. దీన్ని ఎర్తు తీగకి కలిపేస్తే బండి ఛార్జింగు మానేస్తుంది, జాగ్రత్తరా అని.”

“మేస్త్రీ. చాలు.”

“మీరు తప్పెక్కడుంది, ఎవడి చెయ్యి అని అడిగారు కదా, వినండి. ఇది బయట్నుంచి వేసింది కాదు. మూత మూసి ఉండగా లోపల్నుంచి వేసింది. హ్యాండిలు మీరు ముందే విరిచేశారు. వాడు గోళ్ళతో పలక పీకాడు. గోరు ముక్క ఇంకా ఆ చిరుగులోనే ఉంది. వైరు తోలు పళ్ళతో కొరికాడు. టేపు లేకపోతే చొక్కా చింపి చుట్టాడు. నీలం గళ్ళ చొక్కా. మా అమ్మ కుట్టింది సార్ అది, నాకూ వాడికీ ఒకే తానులోంచి. ముడి ఇంకా గట్టిగానే ఉంది. అవతలి ఎర్తు తీగ నలిగి సగం తెగింది, అందుకే ఊగినప్పుడే తగులుతోంది. చీకట్లో, ఊపిరాడకుండా, చావబోతూ... కొస వెనక్కి మడిచాడు సార్ వాడు. తర్వాత చెయ్యి పెట్టేవాడికి గుచ్చుకోకూడదని మడిచాడు. నా వేలికి గుచ్చుకోలేదు!”

“మీ నాన్న బాగానే నేర్పాడు.”

“ఎక్కడున్నాడు?”

“ఎవడు?”

“మా చిన్నోడు. ఎక్కడ పెట్టారు వాణ్ణి?”

“ఇందాక చెప్పాగా. నాలుగు లారీల కంకర.”

“ఒరేయ్... ఒరేయ్ నీ...”

“లేవకు. లేస్తే తల పగులుతుంది. అలాగే డిక్కీలో పడుకో. బంగారం లాంటి దారి ఇచ్చా నీకు. ‘వీడే వేశాడు’ అని ఒక్క ముక్క అనుంటే వేలికి కట్టు కట్టించుకుని ఇంటికెళ్ళేవాడివి. ఎవడో డ్రైవరు వెధవ కోసం నోరు విప్పి గోతిలో పడ్డావు.”

“వెధవ కాదు. మనిషి. నా కళ్ళ ముందు వాణ్ణి చంపుతుంటే చూడలేకపోయాను.”

“ఇక చూడక్కర్లేదులే. ఆ కాలు లోపల పెట్టు. పెట్టవా? సరే, నేనే మడుస్తా.”

“అమ్మా! సార్, మోకాలు... సార్, మూత వద్దు! మూత...”

“ఆఁ. పడింది. ఒరేయ్, లే. షట్టరు పూర్తిగా దించు.”

“బాబుగారూ, లోపల గాలాడదు.”

“దించమన్నానా? దించి వచ్చి స్టీరింగు ముందు కూర్చో. క్వారీకి పోదాం. ఒంటి చేత్తో నడపగలవుగా?”

“అక్కడికి వెళ్ళాక?”

“అక్కడికి వెళ్ళాక నీ సంగతి చూద్దాం. విన్నదంతా నువ్వు కూడా విన్నావు కదా.”

“కొడుతున్నాడు బాబుగారూ.”

“ఏంటి?”

“మూత మీద. లోపల్నుంచి. కొడుతున్నాడు.”

“కొట్టనీ. కాసేపటికి అలిసిపోతాడు. వాడి తమ్ముడు అలిసిపోలేదా?”

“ఆపమనండి. బాబుగారూ, ఆ చప్పుడు ఆపమనండి.”

“నువ్వు ముందు షట్టరు... ఒరేయ్. ఆ జాకీ రాడ్ ఎందుకురా? కింద పెట్టు. నా మీదికే వస్తున్నావా? కింద పెట్టరా కుక్కా, నిన్ను...”

“ఆపమన్నానా! ఆపమన్నానా! ఆపమన్నానా లేదా!”

“...”

“మేస్త్రీ గారూ! ఉండండి, ఉండండి, తెరుస్తున్నా. బటన్ లోపల సీటు దగ్గరుంది. ఇదిగో. తెరిచాను, తెరిచాను. నా చెయ్యి పట్టుకోండి. ఆ చెయ్యి కాదు, ఈ చెయ్యి.”

“గాలి... కాస్త గాలి...”

“కూర్చోండి. ఇక్కడ కూర్చోండి. నీళ్ళు తాగండి.”

“వాడేడి?”

“పడున్నాడు. అదిగో, చక్రం పక్కన.”

“ఊపిరుందా?”

“గురక వస్తోంది. చెవిలోంచి రక్తం కారుతోంది. ఇంకొక్కటి వెయ్యమంటారా?”

“వద్దు! ఆ రాడ్ అవతల పారెయ్. వాడు బతకాలి. మా చిన్నోణ్ణి ఎక్కడ పూడ్చాడో వాడి వేలితో చూపించాలి. ఆ మూల వైరు చుట్ట ఉంది, తీసుకొచ్చి వాడి చేతులు కట్టు. నాకు ఈ చేత్తో కాదు.”

“నాకు మీ ముడి రాదు మేస్త్రీ గారూ.”

“వీడికి మామూలు ముడి చాలు. కొస గుచ్చుకున్నా ఫర్వాలేదు.”

“కట్టాను.”

“పోలీసులకి ఫోన్ చెయ్యి. నా ఫోను బల్ల మీదుంది. చెయ్యి, స్పీకరులో పెట్టు, నేను మాట్లాడతా.”

“మోగుతోంది. ఎత్తట్లేదు.”

“మళ్ళీ చెయ్యి. ఎత్తేదాకా చేస్తూనే ఉండు. వాళ్ళొచ్చేదాకా ఆ ముడి ఎవర్నీ ముట్టుకోనివ్వను. విప్పనివ్వను. అదే వాడి సాక్ష్యం. విచారణలో చెప్పనివ్వలేదు కదా, ఏడాది నుంచి కారు ఆపి ఆపి చెప్తున్నాడు. కంపెనీవాళ్ళకి చెప్పాడు, అందరికీ చెప్పాడు. వినే దిక్కే లేకపోయింది. సొంత అన్నని, నేనే పిరికోడన్నాను.”

“మేస్త్రీ గారూ, వేలు వాచిపోయింది. గుడ్డ మారుస్తాను ఉండండి.”

“నువ్వు తెరవకపోతే నేనూ వాడి పక్కకే పోయేవాణ్ణి. చావుదెబ్బలు తిని, ఒంటి చేత్తో... ఇటు రా తమ్ముడూ. ఏడవకు. అయిపోయింది.”

“అలా పిలవకండి.”

“ఎందుకు?”

“డ్రైవరూ అనండి చాలు.”

“ఏడాదిగా ఆ మాట నా నోటికి రాలేదురా. వస్తే నాలుక కోసుకోవాలనిపించేది. ఇవాళ వచ్చింది. పిలవనీ.”

“వద్దు మేస్త్రీ గారూ. కాళ్ళు పట్టుకుంటాను. ఆ చప్పుడు మళ్ళీ వినలేక కొట్టాను వాణ్ణి. అంతే. నేనేం గొప్పవాణ్ణి కాదు.”

“మళ్ళీ అంటే? ఆ రోజు నువ్వే నడిపావా?”

“బాబుగారు వెనక జీపులో వస్తున్నారు. మా పిల్లల్ని వాళ్ళింట్లో కూర్చోబెట్టుకున్నారు. నడుపుతావా, ఇంటికెళ్ళి పిల్లల కోసం వెతుక్కుంటావా అన్నారు.”

“సరే. సరేలే. నడిపావు. పిల్లలంటే ఎవడైనా నడుపుతాడు. నేనైనా నడిపేవాణ్ణేమో. ఒక్కటి చెప్పు నాకు. వాడి ముడి పనిచేసిందా? రైల్వే గేటు దగ్గర ఆగిందన్నావు.”

“ఆగింది. గేటు పడి ఉంటే ఇంజను ఆపాను. మళ్ళీ లేవలేదు.”

“చూశావా! అదీ వాడి లెక్క! ఎక్కడో ఒకచోట ఇంజను ఆపుతారు, ఆపితే లేవకూడదు. బుర్రంటే వాడిది బుర్ర! జనం ఉన్నారన్నావు?”

“చాలా మంది ఉన్నారు. రెండు వైపులా బళ్ళు. తోసి పక్కకి పెడదామని ఇరవై మంది దాకా వచ్చారు.”

“ఇరవై మందా! మరి... మరి వాడు కొట్టలేదా? ఇప్పుడు నేను కొట్టినట్టు?”

“కొట్టాడు.”

“వాళ్ళకి వినపడలేదా?”

“వినపడింది మేస్త్రీ గారూ. ఒక ముసలావిడ డిక్కీకి చెవి ఆనించి, ‘లోపలేముంది నాయనా’ అని అడిగింది.”

“క్వారీవాడు జీపు దిగి వచ్చాడా?”

“రాలేదు. చాలా వెనక ఉండిపోయాడు. మధ్యలో లారీలున్నాయి. కారు దగ్గర నేనొక్కణ్ణే. ఫోన్ ఎత్తుతున్నారేమో, మళ్ళీ చేస్తాను.”

“ఫోను కింద పెట్టు. ఆవిడకి ఏమని చెప్పావు?”

“మేస్త్రీ గారూ...”

“డ్రైవరూ. ఆ ముసలావిడకి ఏమని చెప్పావు?”

“‘పిచ్చికుక్క అమ్మా, తెరిస్తే కరుస్తుంది’ అన్నాను.”